మరచెంబుతో పార్లమెంటుకు

ముందే చెబుతున్నాను, నా మాటల్లో రూపాయికి నాలుగణాలే నమ్మండి.

అరవైల చివర్లో విజయనగరం నుంచి ఢిల్లీ చూడబోయాను. పార్లమెంటు స్తంభాలు లెక్కపెట్టేసరికి నాకు గడ్డం పెరిగింది. సందర్శకుల గదిలో నా పక్కన శ్రీకాకుళం తీరపు జాలరి ఒకాయన, ఒళ్లో మరచెంబుతో, తమ ఎంపీ కోసం కాచుక్కూర్చున్నాడు.

“ఏటి మావా, గంగాజలమా?” అన్నాను.

“మా ఊరి నూతినీల్లు బాబూ, ఒట్టి ఉప్పు. అర్జీలెట్టాం, ఒక్కడూ సదవనేదు. గుక్కెడు తాగితే తెలుస్తాది గదా!”

మూడు రైళ్లు మారినా చుక్క ఒలకనివ్వలేదట.

ఎంపీగారు రాగానే మూత తిప్పి, “తాగు బాబూ” అని అందించాడు. ఆయన గుక్కెడు తాగి, మొహం ముడుచుకుని, సభలోకి దూసుకెళ్లి మంచినీళ్ల కోసం గర్జించారు. గోపురం అదిరింది.

గడ్డం సంగతి మీ ఇష్టం గానీ, ఆ గుక్కా ఆ గర్జనా మాత్రం నా కల్పనే. నిజానికి ఎంపీగారు గడియారం చూసుకుని, “రేపు కనబడు” అంటూ వెళ్లిపోయారు. జాలరి చెంబున్న చెయ్యి చాచి అలాగే నిలబడిపోయాడు.

“ఇటియ్యి మావా” అని నేనే తాగాను.

“ఉప్పగున్నాది కదా?” అన్నాడు, ఒక్కడైనా ఒప్పుకుంటే చాలన్నట్టు.