నీళ్లున్న బొమ్మలు

మొన్న కంటికి శుక్లం తీసి కట్టు విప్పగానే నాకు మొదట కనిపించింది ఎదుటి గోడమీది క్యాలెండరులో ఒక జలపాతం. కళ్లవెంట నీళ్లు కారాయి. చూపు వచ్చిన ఆనందమని నర్సమ్మ అందరికీ చెప్పింది. సగం మందు మంట, సగం ఆ జలపాతం అని వివరించి ఆవిడ ముచ్చట పాడుచేయడం ఎందుకని ఊరుకున్నాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మద్రాసు ప్రభుత్వం రోజుల్లో మా మార్కాపురం వైపు కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు వాకిలి పక్కన గోడకు బొమ్మ వేయించేవారు, అందులో నీళ్లు లేకపోతే ఇంటికి అరిష్టమనేవారు. చేద వేస్తే బావి అడుగు రాయి ఖంగుమనే ఊళ్లలో గోడమీద మాత్రం ఏరు నిండుగా పారాలి. పలకమీద గుట్టలూ గొర్రెలూ గీసి చెరుపుకుంటూ పెరిగిన నాకు అదే బతుకుతెరువయింది. త్రిపురాంతకం నుంచి యర్రగొండపాలెం దాకా ఎన్ని గోడలకు నీళ్లు పెట్టానో! నా పడవ ఒక్కటీ మునగలేదు, అప్పటికి నేను పడవను చూసిందీ లేదు.

తరువాత మేనమామ చలవవల్ల మద్రాసులో చిత్రకళ చదివాను. సముద్రం చూసి ఒళ్లు పులకరించాలట. నాకు మాత్రం ఇన్ని నీళ్లు ఒక్కచోటే ఎందుకు పోశారా అనిపించింది. నూనెరంగులూ, వెలుగూ, దూరమూ పట్టుకోవడం నేర్చి తిరిగివస్తే, గిద్దలూరు వైపు పెద్ద రైతులు గుడ్డమీద కూడా నీళ్లే వేయమన్నారు. వేశాను, పేరూ వచ్చింది.

మెట్టసేద్యం చేసే నాయన మాత్రం నన్ను ఏనాడూ బొమ్మ అడగలేదు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక, చేను చూడకుండా ఉండలేక ఒకనాడు నోరు విప్పాడు.

“మన చేను గీసి ఈడ పెట్టరా. పండుకోని చూసుకుంటా.”

పుట్టి పెరిగిన చేను, పోయి చూడడం ఎందుకని ఇంట్లోనే కూర్చుని వేశాను. గుట్ట, వేపచెట్టు, జొన్న అన్నీ కుదిరాయి. మంచం ఎదురుగా నిలబెడితే నాయన చాలాసేపు చూశాడు.

“బాగుంది. ఎవురిదిరా ఈ చేను?”

“మనదే నాయనా.”

“గుట్ట కింద ఆ వాగేంది? అదుంటే నాకీ నడుము ఇట్ల వంగేది కాదులే.”

అప్పటిదాకా ఆ వాగు నాకే కనిపించలేదు. అలవాటుపడిన చెయ్యి తనంతట తాను పెట్టేసింది. నీళ్లుంటే శుభమే కదా మామా అని నా భార్య సర్దబోయింది గానీ, ఆయన కళ్లు మూసుకున్నాడు.

మర్నాడే రంగులపెట్టె తీసుకుని చేనికి పోయి ఎండలో కూర్చున్నాను. ఎర్రనేల అనుకున్నది ఎరుపు కాదని, ఎండుగడ్డిలో బూడిదా బంగారమూ రెండూ ఉంటాయని, ఇంత వయసు వచ్చాక, ఇంత చదివాక, రోజుకింత నేర్చుకున్నాను. కథల్లో అయితే చివరి గీత పడేదాకా ప్రాణం నిలుస్తుంది. నాయనకు కథల అలవాటు లేదు. నేల పూర్తయి ఆకాశం సగంలో ఉండగానే పోయాడు.

ఆ తరువాత నీళ్లు లేని బొమ్మలే వేశాను. మా వైపు ఎవరూ గోడకు తగిలించుకోలేదు, ఎక్కడో పట్నాలవాళ్లు మెచ్చుకున్నారు. ఆ చేనూ ఇప్పుడు లేదు. పలకరాయి పడిందని తవ్వుకుంటూ పోయారు, గుట్టతో సహా. ఆకాశానికేం, అక్కడే ఉంది, నాయన బొమ్మలో ఆ మిగిలిన సగం నింపేయమని పిల్లలంటారు. కుంచె తీస్తాను. కింద ఆ నేల లేకుండా, పైన ఏ రంగు వేయాలో నాకు తెలియడం లేదు.