సున్నపు గానుగ దగ్గర మొదలైన కోట

మా సోషల్ మాస్టారు మొన్న మంగళవారం అవనిగడ్డలో పోయారు. ఆయన కూతురు ఫోన్ చేసింది. "నాన్నగారు లేరండీ" అని చెప్పి, "పుస్తకం అచ్చయిందా అండీ?" అని అడిగింది. కాలేదు. తప్పు నాది.

గుడివాడ పిల్లలం, చేనుగట్టుకు మించిన ఎత్తు ఎరగం. ఏటా మాస్టారు మమ్మల్ని బెజవాడ అవతల కొండమీది పాత కోటకు తీసుకెళ్లేవారు. చూడవచ్చినవాళ్లందరూ మహలుకేసి పరిగెడితే, మమ్మల్ని మాత్రం సున్నపు గానుగ దగ్గర ఆపేవారు. గుండ్రటి రాతి కాలువ అది. అందులో సున్నం, ఇసుక పోసి రాతిచక్రంతో నూరితేనే గోడలు లేచాయి. చక్రం ఎప్పుడో పోయింది. ఆ కాలువ చుట్టూ, ఎండలో, ఇరవై చుట్లు తిప్పేవారు.

"మాస్టారూ, రాజుగారి గది చూపించండి" అని మా బావ మూలిగాడు.

"ఆయనేం లేచి వెళ్లిపోడులేరా. తిరుగు."

మా ఇళ్లల్లో పొలం మాది, నడుం వంచేది ఊరవతల పేటలోని కూలివాళ్లు. ఆ పేటలోంచి వచ్చిన మాస్టారు ఆ మాట మాతో ఒక్కసారి కూడా అనలేదు. తిప్పారంతే. నేను ఇలా అందరితో పోట్లాడే మనిషినయ్యానంటే, అది మొదలైంది అక్కడే.

రిటైరయ్యాక ఆ కోట మీద చిన్న పుస్తకం రాశారు. రాళ్లెత్తినవాళ్లు ఎక్కడ వండుకున్నారు, నీళ్లు ఏ దారిన మోశారు, అన్నీ అడుగులతో కొలిచి రాశారు. రాజుల్ని మాత్రం తిట్టలేదు. నాకదే నచ్చలేదు. అచ్చు బాధ్యత తీసుకుని, ముందుమాటలో నేను తిడతానన్నాను. రెండేళ్లు తిట్టాను. ఆనాటి దొరల్ని, ఈనాటి దొరల్ని, శిథిలాల ముందు మీసాలు తిప్పేవాళ్లని.

పోయిన వేసవిలో చదివి వినిపిస్తే నవ్వారు. "ఒరేయ్, కోటకన్నా దాని ముందు నీ అరుగు పెద్దదైపోయిందిరా. నేను కళ్లు మూయకముందే అచ్చు వేసెయ్యి."

"ఇంకొక్క పేరా, మాస్టారూ."

"నీ కోపం ఆగుతుంది. నేనే ఆగను."

కష్టం చేసినవాడి పేరు చెరిపేశారని ఊరూరా అరిచే నేను, ఒక కూలివాడి కొడుకు పుస్తకాన్ని నా పేరా కోసం ఆపాను. ఈ పని ఇంకొకడు చేసుంటే వాణ్ణి వదిలేవాణ్ణా?

అవనిగడ్డలో చర్చి వెనక, మాస్టారి కోసం మూడడుగులు తవ్వేసరికే గోతిలో నీరూరింది. ఇద్దరు మనుషులు బకెట్లతో తోడుతూనే ఉన్నారు. ప్రూఫు కాగితాలు ఆయన కూతురి చేతిలో పెట్టాను. ఒకటి తిప్పింది, ఇంకొకటి తిప్పింది.

"నాన్నగారిది ఎక్కడ మొదలవుతుందండీ?"

పెట్టె కిందికి దింపుతున్నారు. ఆమె ఇంకా నా కాగితాలే తిప్పుతోంది.