ఓడలో వచ్చిన కూర

తాడేపల్లిగూడెంలో ఆరున్నర బస్సెక్కి ఆకివీడులో దిగి, అక్కణ్ణుంచి చేపల చెరువుల గట్ల మీదుగా ఆటోలో మా బడికి చేరేసరికే నా ఓపిక కాస్తా అయిపోయేది. కొల్లేటి లోపలి ఊరు. నాకిచ్చింది ఐదో తరగతి. చెప్పింది చెవికెక్కించుకునే రకం కాదు ఆ పిల్లలు. నేను పాఠం చెబుతుంటే కిటికీలోంచి చేపల లారీలు లెక్కపెడుతూ కూర్చునేవాళ్ళు. ఎవరి కోసం చెబుతున్నానురా దేవుడా అని రోజుకొకసారైనా అనుకునేదాన్ని.

ఆ రోజు యూరప్ నావికుల పాఠం. బోర్డు మీద ఓడ బొమ్మ వేసి, వాళ్ళు సముద్రం అవతలి దేశాల్లో దిగిన సంగతీ, అక్కడి మిరపకాయ, టమాటా, బంగాళదుంప లోకమంతా పాకిన సంగతీ చెప్పాను. ఆ ఓడలే అక్కడికి జబ్బులు మోసుకెళ్ళాయనీ, మశూచి సోకి ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయనీ కూడా చెప్పాను. చావుల దగ్గరికొచ్చేసరికి క్లాసంతా గప్‌చిప్‌గా విన్నది. హమ్మయ్య, ఇవాళ్టికి గొంతు చించుకునే పని తప్పిందనుకున్నాను.

మధ్యాహ్న భోజనంలో బంగాళదుంప కూర, గుడ్డు, చిక్కీ. మా పిల్లలు దుంపముక్కలన్నీ కంచం అంచుకు నెట్టేసి, ఉత్త అన్నంలో గుడ్డు నంజుకుంటున్నారు. వాళ్ళను చూసి చిన్న తరగతులవాళ్ళూ నెట్టేశారు. వేరుశనగ కూడా ఓడ సరుకేనని చెప్పడం మరిచిపోయాను కాబట్టి, చిక్కీ మాత్రం ఒక్కరూ వదల్లేదు.

సరిగ్గా అప్పుడే ఏలూరు నుంచి ఆఫీసరుగారు తనిఖీకి దిగారు. మా వంటామె ముఖం పాలిపోయింది. పిల్లలు తినడం లేదని కిందటి నెలలోనే ఆమె మీద ఫిర్యాదు వెళ్ళింది. మళ్ళీ అదే జరిగితే వంట ఇంకొకరికి అప్పగిస్తామని తెగేసి చెప్పారు. వాళ్ళింట్లో పొయ్యి వెలిగేది ఈ పనితోనే. ఆయన కంచాలకేసి చూసి, ఏం వండావమ్మా అని అడిగారు.

తప్పు వంటది కాదండీ, పొద్దున నేను చెప్పిన పాఠానిది అన్నాను. ఆయన నవ్వారు.

"పాఠం విని కూర మానేసే పిల్లలు ఎక్కడుంటారండీ?"

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క పాఠం మనసుపెట్టి విన్నారు, దాన్నీ నమ్మేవాళ్ళు లేరు. కావాలంటే వాళ్ళనే అడగండి అన్నాను. ముందు వరసలో పిల్ల లేచి ఓడా, మిరపకాయా, మశూచీ అన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పి, "దుంపల్లోనే జబ్బుంటదండీ, తింటే చచ్చిపోతారండీ" అని ముగించింది. దుంపలు ఇటొచ్చాయి, జబ్బు అటుపోయింది అని ఎంత మొత్తుకున్నా ఎవరూ కూర ముట్టలేదు.

ఇక లాభం లేదని వాళ్ళ మధ్యే నేల మీద కూలబడి, నాకూ వడ్డించమన్నాను. వంటామె గరిటె పట్టుకుని తటపటాయించింది. బడిలో రుచి చూసే పని హెడ్మాస్టారిది. నేనెప్పుడూ ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీ ఆఫీసు గదిలో విప్పుకునేదాన్ని, గ్యాస్ ట్రబులని వంక చెప్పి. కూర కలుపుకుని తిన్నాను. ఒక్కరూ కదల్లేదు. కాసేపు చూద్దామర్రా అన్నాడొకడు. నాకేమవుతుందోనని అందరూ నా మొహంలోకే చూస్తూ కూర్చున్నారు, ఆఫీసరుగారితో సహా. నేను మారు వడ్డించుకున్నాక గానీ ఆ ముందు వరస పిల్ల చెయ్యి కూరలోకి వెళ్ళలేదు. ఆ తర్వాత గిన్నెలో కూర చాల్లేదు. వంటామెను మార్చే సంగతి ఇక ఎత్తనని హెడ్మాస్టారితో చెప్పి, ఆఫీసరుగారు కారెక్కారు.

ఆమె వచ్చి మీ చలవేనండీ అంటుందనుకున్నాను. అంత అలసటలోనూ ఆ మాట వినాలని నాకు ఆశగానే ఉంది. గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది.

"ఉప్పు సరిపోయిందాండీ? మీరొచ్చిన మూడేళ్ళ నుంచీ అడుగుదామనుకుంటున్నానండీ."

సిగ్గుతో ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. కొంచెం తక్కువైందని నిజమే చెప్పాను.