గోడ పైకి తెచ్చిన ద్రాక్షతీగ

ఒమాన్‌లో అంతా ఇసుకేనా అవ్వా అని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతారు కదా పిల్లలూ, అందుకే ఈసారి మీకు ద్రాక్షతోట సంగతి చెబుతాను.

నేను పనిచేసే ఇల్లు సహం అనే ఊళ్లో ఉంది. ఆ ఇంటి పెద్దావిడను చూసుకోవడమే నా డ్యూటీ. ఆమె పుట్టిల్లు జబల్ అఖ్దర్ కొండ మీద. అక్కడ ఆమె తమ్ముడి కుటుంబం, కొండను మెట్లుమెట్లుగా చెక్కిన మళ్లలో ద్రాక్ష పండిస్తుంది. వాళ్లమ్మ నాటిన పాత తీగ ఒకటుంది. దాని తొలి గుత్తిని ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లు కోయాలి. అంతవరకూ తోటలో ఎవరూ కత్తెర పట్టరు.

ఈ ఏడు పండు మాగిపోయి కందిరీగలు మూగుతున్నాయి. పెద్దావిడకేమో మోకాలి ఆపరేషన్ అయింది. తమ్ముడు రోజూ ఫోన్ చేస్తుంటే, నేనే వచ్చి కోస్తాను ఆగమని ఈవిడ పట్టు. ఈ ఒక్కసారి ఆ పని చేతిలోంచి పోతే మళ్లీ రాదని ఆమె భయం. పైకి అనలేదు గానీ, కత్తెర తనే సంచిలో పెట్టుకుంటుంటే నాకు తెలిసింది.

కొండెక్కాక చల్లగా ఉంది. కారు దిగి తోట పైగోడ దాకా మెల్లగా నడిచాం. తీగ మాత్రం కింది మడిలో ఉంది, దిగడానికి ఇరుకు రాతిమెట్లు. ఒక మెట్టు దిగేసరికే ఆమె మోకాలు వణికింది. వెనక్కి తెచ్చి, గోడ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాను. కుర్చీతో సహా మోసుకుపోతామన్నాడు తమ్ముడు.

"నేనేమన్నా ఎండుచేపల బస్తానా?" అందావిడ.

"అయితే అక్కా, ఈసారికి నేను కోస్తాను."

ఆమె ఒళ్లో కత్తెర పట్టుకుని కింది ఆకులకేసి చూస్తూ కూర్చుంది.

మా పుట్టింటి ఆకుతోటలో ఏటా తమలపాకు తీగల కట్లు విప్పి, దించి, మళ్లీ కట్టేవాళ్లం. అది గుర్తొచ్చి, తీగనే పైకి తేలేమా అని అడిగాను. ముదురు ద్రాక్షకొమ్మ అలా వంగదు, విరుగుతుందన్నాడు తమ్ముడు. అని, మళ్లీ తనే కిందికి దిగి, వంగే నిరుటి లేతకొమ్మ పొడుగుది ఒకటి వెతికి, పందిరికి కట్టిన ఖర్జూరపాకు కట్లు ఒక్కొక్కటే విప్పాడు. నేనూ దిగి కొమ్మ మొదలు పట్టుకున్నాను. తోటలో పనిచేసే నిజామాబాద్ తమ్ముడు గుత్తి కింద అరచేతులు పెట్టాడు.

"అక్కా, గట్టిగ పట్టుకో. గీ గుత్తి జారిందనుకో, మనిద్దర్ని గీ గోడకే కడ్తరు," అన్నాడు.

నవ్వితే చేయి కదులుతుందని నవ్వాపుకున్నాను. కొమ్మ కిర్రుమంది గానీ విరగలేదు. మెల్లగా గోడంచు దాటి ఆమె మోకాళ్ల దగ్గరికి చేరింది. ఆమె బిస్మిల్లా అని గుత్తి కోసి, మొదటి పండు తన తమ్ముడి నోట్లో పెట్టింది. తర్వాత మా అందరికీ తలా ఒకటి ఇచ్చింది. ఎండకు వెచ్చబడి ఎంత తియ్యగా ఉందో!

అందరూ కత్తెర్లు తీసుకుని మళ్లలోకి దిగారు. నిజామాబాద్ తమ్ముడు కొమ్మను మళ్లీ కిందికి దించబోయాడు.

"దించకు. అక్కడే కట్టు. వచ్చే ఏడు ఇక్కడికే వస్తాను," అంది పెద్దావిడ.

"అప్పటికి మోకాలు బాగైతేనో?" అన్నాడు ఆమె తమ్ముడు.

"అయినా ఇక్కడే. కుర్చీ బాగుంది."

ఆయన నవ్వుకుంటూ ఆ కొమ్మను గోడరాయికి కట్టాడు.