గంగులప్ప మూట

కన్నడ సీమ అంచున ఉన్న బాగేపల్లిలో ఏది కొత్తగా వచ్చినా అందరికంటే ముందు అక్కడ అడుగుపెట్టేది వేరుశనక్కాయల వ్యాపారి గంగులప్పే. పొట్టివాడు, కాస్త బొజ్జ మనిషి. తలగుడ్డ చుట్టి, పంచె ఎగ్గట్టి, చంకలో ఒక మూట ఇరికించుకుని ఆ వింతకు బయల్దేరతాడు. కొత్తదంటే అంత సరదా గాని, పాతదాన్ని ఇంట్లో వదిలి వెళ్లడం ఆయన వల్ల కాదు. వీధికి కరెంటు దీపం వచ్చిననాడు దాన్ని చూడటానికి లాంతరు వెలిగించుకుని వెళ్లాడు. తిరిగే కుర్చీతో సెలూను తెరిస్తే మొదట ఆ కుర్చీలో కూర్చున్నదీ ఆయనే. గడ్డం గీయడానికి మాత్రం తండ్రి కాలం నుంచి ఇంటికొచ్చే మంగలిని వెంటబెట్టుకుపోయాడు.

ఆ ఏడు బస్టాండు పక్కన ఉడుపి హోటలు వెలిసింది. గంగులప్ప వెళ్లి మసాలా దోసె తెప్పించుకున్నాడు. అది బల్లమీదికి రాగానే మూట విప్పి, భార్య చౌడమ్మ కట్టిచ్చిన రాగిముద్దను తీసి దోసె పక్కన పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు తినడం ఆపి చూశారు.

"ఇదేమప్పా! హోటలుకు ఎవరన్నా ముద్ద తెచ్చుకుంటారా?" అంటూ యజమాని పరుగెత్తుకొచ్చాడు.

"దోసె నాలిక్కి సరే. కడుపు నిండొద్దా?" అని గంగులప్ప ముద్ద తుంచి సాంబారులో అద్ది మింగాడు. "ఇంగ రోంత సాంబారు పొయ్యమనప్పా."

పక్క బల్లల రైతుల చూపులన్నీ ఆ ముద్దమీదే ఉండటం యజమాని కనిపెట్టాడు. మరుసటి సంతనాటికి 'ఇక్కడ ముద్ద దొరుకుతుంది' అని గోడమీద కన్నడంలో రాయించాడు. జనం విరగబడ్డారు.

గంగులప్ప గుమ్మం దాకా వచ్చి, ఆ రాత చదివి, చంకలో మూట సర్దుకుని వెనుదిరిగాడు.

"యాడికప్పా పోతాండారు?" అని యజమాని కేకేశాడు.

"ఇంటికి. ముద్ద తినేదానికి ఎవురన్నా హోటలుకు వస్తారా?"