నాలుగు గీతల నాలుగు

రోమన్ అంకెలు చెప్పడంలో నన్ను మించినవాళ్ళు తెనాలి నుంచి రేపల్లె దాకా లేరని ఒకప్పుడు నాకు గట్టి నమ్మకం. నా పద్ధతి అలాంటిది మరి. "V గారు పెద్దాయన. I చిన్నవాడు. పెద్దాయన వెనక ఒద్దికగా నిలబడ్డాడా, బలం ఒకటి పెరిగి ఆరు. ముందుకొచ్చి కాలు మీద కాలేసుక్కూర్చున్నాడా, పెద్దాయన పరువు ఒకటి తగ్గి నాలుగు." మర్యాదలు తెలిసిన పిల్లలేమో, ఒక్క పూటలో పట్టేశారు. ఒకడైతే IXని "పది గారి ముందు పొగరుబోతు" అని చదివాడు. వాడికి మార్కు వేశాను కూడా.

ఒకే అక్షరం వరసగా మూడుసార్లకు మించి రాయకూడదని కూడా చెప్పాను. "ముగ్గురికి మించి ఒక బెంచీ మీద కూర్చోకూడదర్రా!" అన్నాను. మా బడిలో బెంచీకి ఐదుగురు, అది వేరే సంగతి.

ఆ నెల బాపట్లలో లెక్కల పోటీ. బడిలో పెట్టిన పరీక్షలో ఇరవైకి ఇరవై వచ్చిన ఐదో తరగతి పిల్లల్నే పంపాలని మా హెడ్మాస్టరు గారి పట్టుదల. నాట్లకెళ్ళే కూలీల పిల్ల ఒకతి వారం రోజులుగా బాపట్ల జపమే చేస్తోంది. భట్టిప్రోలు దాటి ఎరగదు పాపం. దానికి పంతొమ్మిది వచ్చాయి. నాలుగుని IIII అని రాసింది. ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాను.

మధ్యాహ్నం అన్నాలవగానే కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చింది.

"ఇది తప్పు కాదండి టీచర్."

"ఏంటే, నాకే పాఠం చెబుతున్నావా?"

"మా చర్చిలో గడియారం మీద ఇట్టాగే ఉందండి."

"అయితే ఆ గడియారమే తప్పు."

"టైము కరెక్టుగానే చూపిస్తదండి!"

కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, గొంతు మాత్రం తగ్గడం లేదు. పేర్ల కాగితం సాయంత్రం లోపల పంపెయ్యాలి. దీని పొగరు అణచాలనే, "పద, చూద్దాం" అని లేచాను.

చర్చి మా బడి వెనకే. లోపల గుమ్మం పైన గోడ గడియారం. తొమ్మిది దగ్గర IX బుద్ధిగానే ఉంది. నాలుగు దగ్గర మాత్రం నాలుగు గీతలు, బెంచీ మీద నలుగురూ దర్జాగా!

నేల ఊడుస్తున్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. "శానా గడియారాల్లో అంతేనమ్మా. ఇన్నేళ్ళ నుంచి పాఠాలు చెబుతున్నారు, చూళ్ళేదా ఎప్పుడూ?"

సిగ్గుతో చచ్చిపోయాను. మా ఇంట్లోనూ అలాంటి గడియారమే ఉంది. రోజూ దాన్ని చూసే బస్సుకి పరిగెడతాను.

బడికి తిరిగొచ్చి పంతొమ్మిది కొట్టేసి ఇరవై వేశాను. బాపట్ల కాగితంలో దాని పేరు ఎక్కించాను. అది నవ్వింది గానీ బల్ల దగ్గర నుంచి కదల్లేదు.

"ఇంకా ఏంటే?"

"కొట్టేసిన చోట మీరు సంతకం పెట్టండి టీచర్. లేకపోతే నేనే దిద్దుకున్నానంటారు."

"ఎవరే అనేది?" అని అడగబోయి ఆగిపోయాను. సంతకం పెట్టాను. పొద్దున సంతకం లేని అలాంటి దిద్దుడు కాగితం నా చేతికొచ్చి ఉంటే, ఆ మాట మొదట అనేదాన్ని నేనే.