లోవర్ హట్‌లో మెర్సీ ఇంగ్లిష్ క్లాసు

"నాకేం రావడం లేదో ఒకసారి వచ్చి చూడండన్నయ్యా" అని మెర్సీ ఫోన్ చేయడంతో ఈ ప్రయాణం మొదలైంది. ఆమె గుడివాడలో నర్సుగా పనిచేసింది. ఇప్పుడు వెల్లింగ్టన్ పక్కనున్న లోవర్ హట్‌లో ఒక వృద్ధాశ్రమంలో కేర్ వర్కర్. ఇక్కడ నర్సు కావాలంటే ఇంగ్లిష్ పరీక్షలో మాట్లాడే భాగం గట్టెక్కాలి. అప్పటికే రెండుసార్లు తప్పింది. వీసా గడువులోపు మిగిలింది ఒక్క అవకాశం, అదీ ఆ మరుసటి వారమే.

శనివారం ఉదయం క్రైస్ట్‌చర్చ్‌లో విమానం ఎక్కి గంటలో వెల్లింగ్టన్ చేరాను. ఎయిర్‌పోర్టు బస్సులో రైల్వే స్టేషన్‌కి, అక్కడి నుంచి హట్ వ్యాలీ రైల్లో లోవర్ హట్‌లోని వాటర్లూ స్టేషన్‌కి. ఇరవై నిమిషాల పైచిలుకు ప్రయాణం. టికెట్ అయిదారు డాలర్లు, కార్డు ఉంటే ఇంకా తక్కువ. కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది. ఆ రోజు వానకు నాకేమీ కనిపించలేదు.

స్టేషన్ నుంచి టాక్సీ. డ్రైవర్ శ్రీకాంత్‌ది కరీంనగర్, ఇన్వర్‌కార్గిల్‌లో చదివి ఇక్కడ సెటిల్ అయ్యాడు. ఇంగ్లిష్ క్లాసుకనగానే నవ్వాడు. "నేను ఫ్లాట్‌ల నేర్చుకున్న సార్. గిన్నెలెవడు తోమాలని కివీ పోరగాళ్లతోని రోజూ లొల్లి. లొల్లిల గ్రామర్ ఎవడు చూస్తడు?"

క్లాసు ఒక చర్చి హాల్లో. నడిపేది హెలెన్ అనే రిటైర్డ్ టీచర్. ఆమె పాఠం చెప్పదు. ముందు ఒక పని ఇస్తుంది, చేస్తుండగా ఎక్కడ మాట ఆగితే అక్కడ ఆ మాట నేర్పుతుంది. మెర్సీ విజయవాడ కోచింగ్‌లో నేర్చుకున్నది దీనికి తలకిందులు. మాదిరి జవాబులు బట్టీ పట్టి, ఏం అడిగినా వాటిలోంచి ఒకటి తీసి అప్పజెప్పడం.

హెలెన్ రోగిలా కూర్చుని, ముసలాయన గొంతుతో "ఈ ఉదయం నా భార్య చనిపోయింది" అంది. మెర్సీ చటుక్కున వంగి ఆమె చేయి పట్టుకుంది. నోరు మాత్రం ఇంగ్లిష్‌లో గడగడా అప్పజెప్పింది: మీ సమస్య నాకర్థమైంది, తప్పకుండా పరిష్కరిస్తాను.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. హెలెన్ నవ్వలేదు. "చావును ఎలా పరిష్కరిస్తావు? నీ చేయి చెప్పిందే నోటితో చెప్పు. పరీక్షలో గొంతు మాత్రమే రికార్డవుతుంది. మార్కులు వేసేవాళ్లకు చేయి కనబడదు."

మెర్సీ పట్టుకున్న చేయి వదల్లేదు.

టీ దగ్గర అడిగాను. "గుడివాడలో అయితే ఏమనేదానివి?"

"ఏముందన్నయ్యా, 'ఏమన్నా తిన్నావా తాతా' అంటాం. దానికి మార్కులేస్తారా?"

"అలాంటిదే చెప్పమంటోంది కదా హెలెన్."

"వారంలో ఏం మారతానన్నయ్యా? బట్టీ పట్టినవైతే తప్పులన్నా ఉండవు." బ్యాగులోంచి పాత జవాబుల కాగితాలు తీసి, పెదవులు కదుపుతూ చదవడం మొదలుపెట్టింది.

ఫలితం వచ్చింది. మెర్సీ మళ్లీ తప్పింది. హెలెన్ పద్ధతి సరైనదే, కానీ దానికి నెలలు కావాలి. ఆలస్యంగా దొరికిన సరైన పద్ధతి, తప్పు పద్ధతిని బయటపెట్టగలిగిందే తప్ప మనిషిని ఒడ్డుకు చేర్చలేకపోయింది. ఆశ్రమంలో పెద్దవాళ్లు ఇప్పటికీ మెర్సీ షిఫ్ట్ ఎప్పుడని అడుగుతున్నారట. వచ్చే నెల నుంచి ఆమె ఇక్కడ ఉండదు.

ఈ దారిన రావాలనుకునే నర్సులకు ఒక్క సలహా. కోచింగ్‌లో చేరేముందు ఒక క్లాసులో వెనక కూర్చుని చూడండి. గంటసేపూ టీచరే మాట్లాడితే, లేచి వచ్చేయండి.